సెన్సార్ రెండుసార్లు మార్చినా బండి ఆగుతోంది, మామయ్య అలిగారు

కడియం నర్సరీల ప్రాంతం నుంచి ఒక పాఠకుడు పేరు వేయవద్దంటూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆయనకు ముప్పై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట అప్పు తెచ్చి 2018 నాటి డీజిల్ వ్యాను పాతది ఒకటి కొన్నారు. సాయంత్రం కడియపులంకలో మొక్కలు ఎక్కించుకుని, రాత్రంతా నడిపి, తెల్లవారేసరికి హైదరాబాదులో దించి రావడం ఆయన జీవనాధారం. జూన్ నెలలో ఒక రాత్రి నందిగామ దాటాక ఫ్లైఓవర్ ఎక్కుతుండగా పసుపు రంగు ఇంజన్ లైటు వెలిగి బండి ఆగిపోయింది. అరగంట తరవాత సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్టయింది. రాజమండ్రిలో స్కానర్ ఉన్న షాపుకు తీసుకెళితే పి0193 అనే కోడ్ ఉన్న కాగితం చేతికిచ్చి, రైల్ ప్రెషర్ సెన్సార్ పోయిందన్నారు. 1,800 రూపాయల సెన్సార్ వేయించారు. నాలుగు రోజులకు అదే కోడ్‌తో మళ్ళీ ఆగింది. అది డూప్లికేటు అయి ఉంటుందంటే 6,500 పెట్టి ఇంకొకటి వేయించారు. తొమ్మిది రోజులు హాయిగా తిరిగి, జూలైలో జోరువాన కురిసిన రాత్రి మళ్ళీ ఆగింది. ఈసారి కాగితం మీద పి0193తో పాటు పి0087 కూడా ఉంది. ఇప్పుడు షాపువారు ఇంజన్ కంప్యూటర్ మార్చాలంటున్నారు. బండిని లాగించుకు రావడాలతో కలిపి ఖర్చు ఇరవై రెండు వేలు దాటింది.

దీనికి ఇంటి చిక్కు ఒకటి తోడైంది. ఆయనకు డ్రైవింగు నేర్పింది, మొదటి నుంచీ బండి చూసింది, పిల్లనిచ్చింది కూడా స్వయానా మేనమామే. ముప్పై ఐదేళ్లుగా డీజిల్ బళ్ళు బాగుచేస్తున్న మనిషి. మొదటి రోజే ఇంజన్ చప్పుడు విని, పెద్ద పంపు పోయింది, నలభై ఐదు వేలవుతుందని చెప్పారట. అల్లుడు తనను కాదని రాజమండ్రి వెళ్ళాడని తెలిసిన నాటి నుంచి బండి ముట్టుకోవడం లేదు, సరిగా పలకడం లేదు. భార్య ఇద్దరి మధ్యా నలుగుతోంది. ఇంతలో తెలిసినవారొకరు నాలుగు వేలిస్తే సెన్సార్ వైరుకు చిన్న రెసిస్టర్ వేసి లైటు రాకుండా చేస్తామన్నారు. మూడో సెన్సార్ వేయించాలా, పంపు దించాలా, కంప్యూటర్ మార్చాలా, ఎవరికో ఒకరికి అమ్మేసి వదిలించుకోవాలా, మామయ్యను ఎలా దారికి తెచ్చుకోవాలి అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం:

మీరు మూడు స్కాన్ కాగితాల నకళ్లు జతచేయడం మంచిదైంది. ఉత్తరం కంటే అవే ఎక్కువ చెబుతున్నాయి. షాపువారూ మీ మామయ్యా పరస్పర విరుద్ధంగా మాట్లాడుతున్నారని మీరు అనుకుంటున్నారు. నాకు అలా తోచడం లేదు. మీ బండిలో బహుశా రెండు లోపాలున్నాయి. ఒకరు ఒకదాన్ని, ఇంకొకరు రెండోదాన్ని చూశారు. ఇద్దరూ కొలవకుండానే మందు రాశారు.

ముందు ఆ సెన్సార్ చేసే పనేమిటో మీకు స్పష్టంగా తెలియాలి. మీ ఇంజన్లో ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా వచ్చే డీజిల్ మామూలు ఒత్తిడిలోనే ఉంటుంది. అక్కడి నుంచి హై ప్రెషర్ పంపు, అంటే మీ మామయ్య చెప్పిన పెద్ద పంపు, దాన్ని నొక్కి, రైల్ అనే దళసరి ఉక్కు గొట్టంలో నిల్వ ఉంచుతుంది; సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకూ అది అందేది ఆ గొట్టం నుంచే. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు అందులో సుమారు 250 నుంచి 300 బార్లు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వెయ్యికి పైగా బార్లు ఉంటాయి. మీ వ్యాను టైరులో ఉండే గాలి నాలుగు బార్ల చిల్లర అని గుర్తుచేసుకుంటే ఆ అంకెల బరువు అర్థమవుతుంది. రైల్ చివర బిగించిన సెన్సార్ ఈ ఒత్తిడిని వోల్టేజీగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. దానికి మూడు వైర్లు. ఒకదాని ద్వారా కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్త్, మూడోది సమాచారం మోసుకెళ్ళే సిగ్నల్ వైరు. ఒత్తిడి సున్నా అయితే సిగ్నల్ సుమారు 0.5 వోల్టు, గరిష్ఠమైతే సుమారు 4.5 వోల్టులు. ఉదాహరణకు 1800 బార్ల దాకా కొలిచే సెన్సార్ అయితే ఒక్కో వోల్టు 450 బార్లకు సమానం, 300 బార్ల దగ్గర సిగ్నల్ ఇంచుమించు 1.17 వోల్టులు ఉండాలి. కంప్యూటర్‌కు వేరే కన్ను లేదు. ఈ వోల్టేజీనే నమ్మి, పంపుకు డీజిల్ ఎంత వదలాలో నిర్ణయిస్తుంది.

ఇప్పుడు పి0193 సంగతి. సిగ్నల్ వోల్టేజీ ఉండవలసిన హద్దు దాటి పైకి పోయిందన్నది మాత్రమే ఆ కోడ్ చెప్పేది. సెన్సార్ లోపల చెడితే అలా జరగవచ్చు. ఎర్త్ వైరు తెగినా, సెన్సార్‌కు వైర్లను కలిపే ప్లగ్గులో, అంటే కప్లర్లో, పిన్ను సడలినా, సిగ్నల్ వైరు 5 వోల్టుల వైరుతో ఒరుసుకున్నా కూడా అదే కోడ్ వస్తుంది. ముఖ్యంగా ఎర్త్ తెగినప్పుడు ఒత్తిడి ఏదైనా సరే సిగ్నల్ 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది. రైల్లో ఒత్తిడి విపరీతంగా పెరిగిందని కంప్యూటర్ భ్రమపడుతుంది, లేదా ఈ సెన్సార్ మాట నమ్మదగదని ఇంజన్ను ఆపేస్తుంది. ఒకే బండిలో మూడు వేరు వేరు సెన్సార్లు, అంటే బండితో వచ్చినదీ మీరు కొన్న రెండూ, ఒకే కోడ్ ఇచ్చాయంటే మూడూ చెడిపోయాయనుకోవడం కంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించడం తెలివైన పని. ఆ ఉమ్మడిది కప్లరూ, దాని వెనక వైర్లూ. కంప్యూటర్ కూడా ఉమ్మడిదే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ దాన్ని అనుమానించవలసింది వైర్లు నిర్దోషులని తేలిన తరవాతే, ముందు కాదు.

రెండో సెన్సార్ వేశాక తొమ్మిది రోజులు బాగా నడిచిందన్నారు. అది అసలుది కాబట్టి నడిచిందని మీ నమ్మకం. నేను ఆ తొమ్మిది రోజులను మరోలా చదువుతాను. సెన్సార్ మార్చేటప్పుడు కప్లర్ ఊడదీసి మళ్ళీ నొక్కుతారు. పాచి పట్టిన పిన్నులు ఆ రాపిడికి కాస్త శుభ్రపడి కొన్నాళ్లు పనిచేస్తాయి. వానకో వేడికో కుదుపుకో మళ్ళీ మొరాయిస్తాయి. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చెప్పిన రోజుల్లో ఈ తాత్కాలిక ఉపశమనాన్ని పిల్లలు ప్రతి ఏడాదీ విజయంగానే రాసేవారు.

మీ ఉత్తరంలో మీరు ఒక్కో వాక్యంతో దాటేసిన సంగతులు మూడున్నాయి. మే నెలలో మామయ్య బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ దించి బేరింగులు మార్చారు. బండిని నర్సరీ షెడ్డులో కొబ్బరి పీచు బస్తాల పక్కన నిలుపుతున్నారు. జూన్ నుంచి ఖర్చు కలిసొస్తుందని జనరేటర్ కోసం ఉంచిన డ్రమ్ము నుంచి డీజిల్ పోసుకుంటున్నారు. మొదటి రెండూ వైరింగు వైపు వేలు చూపిస్తున్నాయి. ఆల్టర్నేటర్ దించేటప్పుడు వైర్ల కట్టను పక్కకు లాగక తప్పదు. తిరిగి కట్టేటప్పుడు క్లిప్పు ఒకటి తప్పిపోయినా ఆ కట్ట వేడి గొట్టానికో పదునైన అంచుకో ఆనుకుంటుంది. కొబ్బరి పీచు ఎలుకలకు పరుపు, వెచ్చటి ఇంజన్ వాటికి పడకగది. మూడోది, అంటే డ్రమ్ము డీజిల్, మీ పి0087కు మొదటి నిందితుడు.

పి0087 అంటే రైల్లో ఒత్తిడి కావలసినదానికంటే తక్కువ ఉందని. ఇది పి0193 లాంటి వైరు ఫిర్యాదు కాదు. సెన్సార్ నిజమే చెబుతుంటే డీజిల్ సరిపోవడం లేదని అర్థం. ఫిల్టర్ మూసుకుపోవడం, ట్యాంకులో గొట్టం మొదట ఉండే జాలీకి చెత్త అడ్డుపడటం, పైపు జాయింట్ల దగ్గర గాలి పీల్చడం, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోవడం, మిగులు డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్ళే రిటర్న్ లైనులోకి ఇంజెక్టర్లు ఎక్కువగా వదిలేయడం, చిట్టచివరన పంపు అరిగిపోవడం, ఇన్ని కారణాలున్నాయి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆగడం, అరగంట ఆగితే మామూలుగా స్టార్టవడం ట్యాంకు వైపు అడ్డంకిని సూచించే పాత లక్షణాలు. పీల్పు ఉన్నంతసేపు చెత్త జాలీకి అతుక్కుని, ఇంజన్ ఆగగానే జారి కిందకు పోతుంది. అయితే వేడెక్కి సాగిన వైరు చల్లారి మళ్ళీ తగులుకున్నా ఇలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి లక్షణాన్ని చూసి తీర్మానించకూడదు, కొలవాలి.

కొలవడానికి లక్షలు అక్కరలేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు, స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు తగిలించి ఫోనులో చూసుకునే చిన్న స్కానరు చాలు. ఆ చవక స్కానర్లు చాలాసార్లు రైల్లో ఉన్న ఒత్తిడిని చూపుతాయి గానీ కంప్యూటర్ కోరుతున్న ఒత్తిడిని చూపవు. కొన్ని బార్లలో కాక కిలోపాస్కల్‌లో చూపుతాయి, అప్పుడు 30,000 కనిపిస్తే 300 బార్లు అనుకోండి. కోరినదీ ఉన్నదీ పక్కపక్కన చూడాలంటే కంపెనీ స్కానరు గానీ మంచి షాపు స్కానరు గానీ కావాలి, కేవలం ఆ గ్రాఫు కోసమే డబ్బిచ్చినా నష్టం లేదు.

ఆ గ్రాఫులో గీత వంపును చూడండి. బండి నీరసించే ముందు ఒత్తిడి గీత కోరిన గీత కంటే మెల్లమెల్లగా వెనకబడుతూ దిగజారితే అది నిజమైన ఒత్తిడి నష్టం. డీజిల్ వైపు వెతకాలి. గీత ఒక్క క్షణంలో ఆకాశానికి ఎగిరినా, ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉండగా సున్నాకు పడినా అది వైరు చేసే పని. ఉక్కు గొట్టంలో నిండి ఉన్న డీజిల్ అలా గెంతదు. మీ షాపువారు మూడుసార్లూ కోడ్ చదివి చెరిపేశారు గానీ, కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి, ఒత్తిడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకునే వివరాన్ని ఒక్కసారైనా ముద్రించి ఇవ్వలేదు. ఈసారి ఆగితే చెరపనివ్వకండి, ముందు ఆ పేజీ అడిగి తీసుకోండి.

తరవాత మల్టీమీటరు. బండి రాత్రంతా నిలిచి ఉన్నాక పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, స్కానర్లో రైల్ ఒత్తిడి చూడండి. సున్నాకు చాలా దగ్గరగా ఉండాలి. అప్పుడే అరవై డెబ్భై బార్లు చూపుతుంటే సెన్సారో దాని ఎర్తో అబద్ధం చెబుతోంది. ఈ అబద్ధం చిన్నదే అనిపిస్తుంది గానీ పర్యవసానం పెద్దది. ఉన్నదానికంటే ఎక్కువ చూపే సెన్సార్‌ను నమ్మి కంప్యూటర్ ఒత్తిడి తగ్గిస్తుంది, బండి స్టార్టవడానికి మొండికేస్తుంది, పీకదు. తక్కువ చూపే సెన్సార్‌ను నమ్మితే ఒత్తిడి పెంచుతూ పోతుంది, ఇంజన్ టకటకలాడుతుంది. ఆ తరవాత కీ ఆపి, కప్లర్ ఊడదీసి, మళ్ళీ కీ ఆన్ చేసి, బండి వైపు కప్లర్లో ఒక పిన్ను దగ్గర 5 వోల్టులు, అంటే 4.9కీ 5.1కీ మధ్య, వస్తున్నాయో లేదో చూడండి. పిన్నుల వరుస బండిబండికీ మారుతుంది కాబట్టి వైరింగు పటం దొరికితే దగ్గర ఉంచుకోండి. 5 వోల్టులు రాకపోతే ఆ సరఫరాను పంచుకునే వేరే సెన్సార్ ఏదైనా దాన్ని నేలకు లాగేస్తూ ఉండవచ్చు. కప్లర్ మళ్ళీ పెట్టి, ఇంజన్ నడుస్తుండగా, కప్లర్ వెనక వైపు నుంచి సన్నని పిన్నుతో ఎర్త్ వైరును అందుకుని దానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. ఇంకొకరిని మీటర్ చూస్తుండమని, మీరు వైర్ల కట్టను కప్లర్ నుంచి ఆల్టర్నేటర్ దాకా జానెడు జానెడుగా కదుపుతూ వెళ్ళండి. తిరిగే బెల్టుకు చెయ్యి దూరంగా ఉంచండి. అంకె ఎక్కడ గెంతితే లోపం అక్కడే. వైరు తోలులోకి సూది గుచ్చి చూడవద్దు, ఆ రంధ్రం గుండా వచ్చే వాన నీరు ఆర్నెల్లలో రాగిని పచ్చగా తినేస్తుంది. మామయ్య దగ్గర తప్పకుండా ఉండే టెస్ట్ బల్బును ఈ మూడు వైర్లకు తాకించనివ్వకండి. ఆ బల్బు లాగే కరెంటు పాత బళ్ళలో ఏమీ చేయదు, ఇక్కడ కంప్యూటర్ లోపలి భాగాన్ని కాల్చగలదు.

వైరు దోషం బయటపడితే మరమ్మతు చవక, కానీ శ్రద్ధగా చేయాలి. మెలితిప్పి టేపు చుడితే మళ్ళీ జూన్ నెల వస్తుంది. పాడైన భాగం కోసేసి, అదే మందం వైరు వేసి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. రెండు మూడు వైర్లు అతకవలసి వస్తే అతుకులన్నీ ఒకే చోట రాకుండా చూడాలి. కట్టను వేడి గొట్టానికి దూరంగా క్లిప్పులతో బిగించాలి. వైర్లు బాగుండి కప్లర్లోని ఆడ పిన్నులు సడలి ఉంటే, ఒక్కో పిన్నులోకి సరిపోయే మగ పిన్ను దూర్చి లాగినప్పుడు పట్టు తెలియాలి. పట్టు లేకపోతే పిన్ను మార్చాలి, స్ప్రే కొట్టి వదిలేయకూడదు. ఆ సైజు కప్లర్లు వైర్ల తోకలతో సహా విజయవాడ ఆటోనగర్లో దొరుకుతాయి.

కొలతలన్నీ సరిగా ఉండి సెన్సారే తప్పని తేలే అవకాశమూ ఉంది, దాన్ని కొట్టిపారేయను. అప్పుడు మూడోది కొనడం దండగ కాదు. కానీ పాత సెన్సార్ మీద ముద్రించిన భాగం నంబరు చూసి అదే నంబరుది తీసుకోండి. మర పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 1800 బార్లకు చేసినదాని స్థానంలో 2000 బార్లదాన్ని బిగిస్తే అదే వోల్టేజీకి కంప్యూటర్ వేరే ఒత్తిడిని ఊహిస్తుంది. 1,800 రూపాయల సెన్సార్ విషయంలో నాకు మొదట కలిగిన అనుమానం ఇదే. విప్పే ముందు ఇంజన్ ఆపి కనీసం పావుగంట ఆగండి. స్కానర్ సున్నా చూపుతోంది కదా అని తొందరపడవద్దు, ఆ సున్నా చెప్పేది మీరు అనుమానిస్తున్న సెన్సారే. చుట్టూ తుడిచి, దుమ్ము రైల్లో పడకుండా చూసి, సర్వీసు మాన్యువల్ చెప్పిన బిగుతుతో టార్క్ పానాతోనే బిగించాలి. కొన్ని రకాల సెన్సార్లు ఉక్కు అంచు కరుచుకుని సీలు అవుతాయి, వాటిని ఒకసారి విప్పాక మళ్ళీ వాడకూడదు. కొన్ని కంపెనీలు సెన్సార్‌ను విడిగా అమ్మకుండా రైల్‌తో కలిపే ఇస్తాయి. మార్చాక పాత సెన్సార్‌ను బట్టి కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాటు అంకెలను స్కానర్‌తో చెరపవలసిన బళ్ళు కూడా ఉన్నాయి. ఆ పని మీకు రెండుసార్లూ చేశారో లేదో అడగండి.

ఒక్క విషయం మాత్రం ఆజ్ఞలాగే చెబుతాను. ఇంజన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయడం, కారుతోందేమోనని చేత్తో తడిమి చూడటం వద్దు. పాత ఇంజన్లలో గాలి తీయడానికి మామయ్య అలా వేల సార్లు చేసి ఉంటారు. ఈ ఒత్తిడిలో కంటికి కనిపించని ధార చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళి, ఒత్తిడితో డీజిల్ ఎక్కిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఇక డీజిల్ వైపు. ఇక్కడ నా కంటే, స్కానర్ షాపు కంటే మీ మామయ్య సమర్థులు. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలి చూడటం, ట్యాంకు మూత వదులు చేసినప్పుడు లోపలికి గాలి పీల్చిన చప్పుడు వస్తుందేమో వినడం, ఫిల్టర్‌కు వచ్చే పైపు స్థానంలో కాసేపు పారదర్శకమైన గొట్టం పెట్టి బుడగలు చూడటం, ట్యాంకు దించి జాలీ కడగడం ఆయనకు కొత్త విద్యలు కావు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి ఒక్కోదానికి ఒక్కో సీసా పెట్టి, ఇంజన్ నడిపి, ఏ సీసా మిగతావాటికంటే త్వరగా నిండుతోందో చూడాలి. రిటర్న్ వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి ఈ పని చేయవచ్చు. పాత ఫిల్టర్‌ను పారేయక కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. పంపు అరుగుతుంటే ఇనుప పొడి ఎక్కడో ఒకచోట మెరుస్తుంది. పంపులోకి డీజిల్ వదిలే వాల్వు విప్పినప్పుడు అక్కడా చూడాలి. మెరుపు కనిపిస్తే మామయ్య గెలిచినట్టే, కానీ లెక్క నలభై ఐదు వేలతో ఆగదు. ఆ పొడి రైల్లోకీ ఇంజెక్టర్లలోకీ వెళ్ళి ఉంటుంది. పంపు ఒక్కటే మార్చి, మిగతాది కడగకుండా వదిలేస్తే కొత్త పంపుతో పాత పొడి ఇంజెక్టర్లను తినడం మొదలుపెడుతుంది. మెరుపు లేకపోతే పంపు దించడం ఆపండి.

మీ ముందున్న దారులను ఇప్పుడు వాటి ఖరీదుతో చూద్దాం. కంపెనీ సర్వీసు సెంటర్‌కు ఇస్తే వారి దగ్గర అంచెలంచెల పరీక్షా పద్ధతి ఉంటుంది, కోరినదీ ఉన్నదీ కలిపి గ్రాఫు దొరుకుతుంది. బదులుగా బిల్లు పెరుగుతుంది, విడి వైరు అతకడానికి బదులు పెద్ద భాగమే మార్చమనవచ్చు, మొక్కల సీజన్లో బండి రోజుల తరబడి అక్కడే ఉండవచ్చు. వెళ్తే పరీక్షకు మాత్రమే ముందు ఒప్పందం చేసుకుని, రాతపూర్వకంగా ఫలితం తీసుకుని, మరమ్మతు ఎక్కడన్నది తరవాత ఆలోచించుకునే వీలుంది. డీజిల్ పంపు షాపుకు నేరుగా వెళ్ళడం ఖరీదైన తొందర. వారు పంపును టేబుల్ మీద పరీక్షించగలరు, కానీ దించాకనే కదా. కంప్యూటర్ మార్చడం ఈ దశలో అన్నింటికంటే పెద్ద జూదం. కొత్తదానికి మీ బండి వివరాలు, ఇంజెక్టర్ల కోడ్లు ఎక్కించాలి, పాత సామాన్ల కొట్లో దొరికినదైతే తాళం గుర్తుపట్టక బండి అసలు స్టార్టే కాకపోవచ్చు, వైరు తెగి ఉంటే అది వేసినా పి0193 అలాగే ఉంటుంది. ఒక ఆదివారం మీరూ మామయ్యా కూర్చుని పైన చెప్పిన కొలతలు తీసుకోవడానికి మీటరు ఖర్చూ ఒక ఫిల్టర్ ఖర్చూ మాత్రమే అవుతాయి. దానితో తేలకపోయినా, తరవాత ఎక్కడికి వెళ్ళినా చేతిలో అంకెలుంటాయి.

రెసిస్టర్ వేస్తామన్నవారి మాట వినవద్దని నా సలహా. వారు చేసేది లోపం తీయడం కాదు; సిగ్నల్‌ను వంచి కంప్యూటర్‌కు ఒత్తిడి తక్కువగా ఉన్నట్టు చూపడం. దాంతో అది ఒత్తిడి ఇంకా పెంచుతుంది. కొన్నాళ్లు బండి బాగా లాగినట్టు అనిపిస్తుంది, తరవాత ఇంజెక్టర్లో పిస్టన్లో బలి అవుతాయి. అమ్మేయడం మీ హక్కు. కానీ ఫ్లైఓవర్ మీద ఆగే బండిని ఆ మాట చెప్పకుండా అమ్మితే కొన్నవాడు కూడా కిరాయికే తిప్పుతాడు, అదే రోడ్డు మీద, అదే రాత్రిపూట. చెప్పి అమ్మితే ధర పడిపోతుంది, అప్పు మిగులుతుంది. కొలతలు అయ్యాక ఈ ప్రశ్న మళ్ళీ వేసుకోండి. పంపు లోపల ఇనుప పొడి కనిపిస్తే అమ్మకం నిజంగా ఆలోచించదగ్గదే.

అంతవరకూ రాత్రి లోడు ఆపగలరా? ఇంజన్ ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది. వాక్యూమ్ సాయంతో పనిచేసే బ్రేకుల్లో ఒకటి రెండు తొక్కుళ్లకే ఆ సాయం మిగులుతుంది, తరవాత పెడల్ రాయిలా ఉంటుంది. వెనక లారీలు వస్తున్న జాతీయ రహదారి మీద అది చిన్న విషయం కాదు. వారం పది రోజులు వేరే బండి కిరాయికి తీసుకుంటే లాభం పోతుంది, ఖాతాదారులు మిగులుతారు. అది కుదరకపోతే పగటిపూట దగ్గరి ఊళ్లకే వెళ్ళండి.

ఇక మీ మామయ్య. ఆయన చప్పుడు విని పంపు అన్నారు; తన కాలపు ఇంజన్లలో ఆ చెవి తప్పి ఉండదు. మీరు ఆయన మాట కాదన్నందుకు కాక, ఆయనకు చెప్పకుండా వెళ్ళినందుకు నొచ్చుకున్నారని ఉత్తరం చదివితే నాకనిపించింది. మీ భార్య చేత రాయబారం పంపవద్దు, ఆవిడకు ఇప్పటికే చాలినంత ఉంది. మీరే వెళ్ళి, చెప్పకుండా వెళ్ళడం తప్పయిందని ఒక్క ముక్క అనండి. సెన్సార్ గురించి వాదించకుండా ఆ మూడో కాగితం చూపించి, డీజిల్ తక్కువ అందుతోందని కంప్యూటరే రాసిందని, మొదటి రోజు ఆయన అన్నదానికి ఇది దగ్గరగా ఉందని చెప్పండి. అది ముఖస్తుతి కాదు, నిజమే. ట్యాంకు పని ఆయనది, మీటరు పని మీది అని పంచుకోవచ్చు. ఆయన రాకపోవచ్చు కూడా. అప్పుడు ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కానీ పిలిచే ముందే ఆయనకు చెప్పండి.

చివరగా ఒక సున్నితమైన సంగతి. వైరు దెబ్బ ఆల్టర్నేటర్ పక్కన కనిపిస్తే అది మే నెల పనిలో జరిగిందని మీ ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. ఎలుక కొరికిన గుర్తుకూ ఒరిపిడి గుర్తుకూ తేడా ఆయనకు మీకంటే బాగా తెలుసు, మీరు నోరు తెరవనక్కరలేదు. వైరు అతికి, కోడ్లు చెరిపి, పగటివేళ సగం లోడుతో ఎత్తైన వంతెన ఏదైనా రెండుసార్లు ఎక్కించి చూడండి; స్కానరు ఆయన చేతిలో పెట్టండి, బండి మీరు నడపండి.